దారి ఖర్చు ఎవరిది?

2015 జూన్ మొదటి వారంలో అలబామాలోని ప్రాట్‌విల్ అనే చిన్న పట్టణంలో తీసిన ఫొటో ఒకటి అమెరికా అంతా తిరిగింది. హైస్కూల్ మైదానం, మిట్టమధ్యాహ్నపు ఎండ, చొక్కా లేకుండా ఖాకీ ప్యాంటుతో స్కూలు పిల్లలతో సమానంగా బంతాట ఆడుతున్న యాభై ఒక్క ఏళ్ల పెద్దమనిషి. ఆయన పేరు జిమ్ హార్బా. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఆరు నెలల కిందటే హెడ్ కోచ్‌గా వచ్చాడు. జీతం ఏడాదికి 50 లక్షల డాలర్లు. ఆయన ఆఫీసున్న ఆన్ ఆర్బర్ నుంచి ఆ మైదానానికి రోడ్డు మీద 1,200 కిలోమీటర్ల పైమాటే. జనం ఫొటో చూసి నవ్వుకున్నారు. దక్షిణాది కోచ్‌లకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మైదానం ఎవరి ఇలాకాలో ఉందన్నదే వాళ్లకు కనిపించింది.

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ మన సాకర్ కాదు. హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు కట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. దీనికి క్లబ్బులూ అకాడమీలూ పెద్దగా లేవు. హైస్కూల్లో ఆడాలి, అక్కడినుంచి కాలేజీకి వెళ్లాలి, ఆ తర్వాతే ప్రొఫెషనల్ ఆట. దేశం మొత్తమ్మీద హైస్కూళ్లలో పది లక్షలకు పైగా అబ్బాయిలు ఆడతారు. వాళ్లలో డివిజన్ వన్ అనే పై అంచె కాలేజీ జట్టు దాకా చేరేది నూటికి ముగ్గురు లోపే. అప్పట్లో పైస్థాయి కాలేజీకి ఉండేవి 85 స్కాలర్‌షిప్‌లు, ఏడాదికి కొత్తగా ఇవ్వగలిగేవి 25. స్కాలర్‌షిప్ అంటే ఫీజు, వసతి, తిండి అన్నీ. వేరే రాష్ట్రం పిల్లలు కట్టే అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు ఎంతుంటుందో అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పేద ఇంటి కుర్రాడికి అది జీవితాన్నే మార్చేసే కాగితం. పదో తరగతి ఫలితాలు రాకముందే ఇళ్ల చుట్టూ తిరిగే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలను చూసిన మనకు ఈ వేట అర్థం కానిదేమీ కాదు. కాకపోతే అక్కడ వేటకు వచ్చేది పీఆర్వో కాదు, రాష్ట్ర గవర్నర్ కన్నా ఎన్నో రెట్లు జీతం తీసుకునే కోచ్.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం అప్పట్లో ఏ కాలేజీ అయినా, హైస్కూల్ పిల్లలను ఆడించి చూసే సమ్మర్ క్యాంపును తన క్యాంపస్‌లోనో, 50 మైళ్ల లోపో, కాదంటే సొంత రాష్ట్రంలోనో పెట్టుకోవాలి. లొసుగు ఎక్కడుందంటే, వేరేవాళ్లు పెట్టిన క్యాంపులో అతిథిగా పనిచేయడానికి అడ్డు లేదు. అలబామాలో ఒక హైస్కూల్ క్యాంపు పెడుతుంది, మిషిగన్ కోచ్‌లంతా అతిథులుగా దిగుతారు. వీటికి శాటిలైట్ క్యాంపులని పేరొచ్చింది. హార్బా కనిపెట్టిందేమీ కాదు. 2014లోనే పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ జార్జియాలోనూ ఫ్లోరిడాలోనూ ఇలాంటి క్యాంపులకు వెళ్లాడు, అప్పుడే దక్షిణాది కాలేజీల కూటమి ఎస్‌ఈసీ మండిపడింది. ఆ కూటమికి అప్పట్లో సొంత నియమం ఒకటుండేది: తమ కోచ్‌లు ఇలా అతిథులుగా వెళ్లకూడదని. తమ చేతులు తామే కట్టేసుకున్నవాళ్లకు పక్కవాడి చేతులు ఖాళీగా కనబడితే కడుపు మండదా మరి.

మిషిగన్ ఇంత దూరం ఎందుకు రావాల్సి వచ్చిందన్నది ఆటకు బయట ఉన్న ప్రశ్న. 2010 జనాభా లెక్కల్లో, అంతకుముందు పదేళ్లలో జనాభా తగ్గిన ఒకే ఒక్క అమెరికన్ రాష్ట్రం మిషిగన్. అదే పదేళ్లలో జార్జియా 18 శాతం, టెక్సాస్ 20 శాతానికి పైగా పెరిగాయి. కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పనిచేసే చేతులు దక్షిణాదికి తరలిపోయాయి, పిల్లలూ వాళ్లతోపాటే. డెట్రాయిట్ శివార్లలో నోవై, కాంటన్ లాంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు బాగానే పెరిగాయి కానీ, మన పిల్లలు శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో ఎక్కువగా కనబడేది బ్యాండు మేళంలో. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఆన్ ఆర్బర్‌లోనే ఉంది. అందులో ఆడాల్సిన కుర్రాళ్లు మాత్రం అట్లాంటా, హ్యూస్టన్, మయామీల చుట్టూ పెరుగుతున్నారు. ఉత్తరాది కోచ్ దక్షిణాదికి బయల్దేరడం దురాక్రమణో, సాహసమో కాదు. జనం పోయిన దారిలోనే పోవడం.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది గుర్తు చేసుకోరు. 2008లో ఎన్‌సీఏఏ, వసంతకాలంలో హెడ్ కోచ్‌లు హైస్కూళ్ల చుట్టూ తిరగకూడదని ఆపేసింది. ఆ నిబంధనకు జనం పెట్టిన పేరు సేబన్ రూల్. అలబామా కోచ్ నిక్ సేబన్ ఆ తిరుగుడులో అందరికన్నా దిట్ట కాబట్టి, ఆయనకు కళ్లెం వేయడానికే తెచ్చారని అనుకునేవారు. అంటే వసంతంలో అసిస్టెంట్లు వెళ్లొచ్చు, పెద్దాయన వెళ్లకూడదు. మరి కుర్రాడి తల్లితో, స్కూల్ కోచ్‌తో పెద్దాయన ఒకే గడ్డి మీద నిలబడే అవకాశం ఎప్పుడు? జూన్‌లో, అతిథి క్యాంపులో. ఒక తలుపు మూస్తే హార్బా కిటికీ వెతుక్కున్నాడు.

ఈ క్యాంపుల్లో నిజంగా జరిగేదేమిటో కూడా చూడాలి. ఇప్పుడు ప్రతి కుర్రాడి ఆట వీడియో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అయినా కోచ్‌లు ఎందుకు కదులుతారంటే వీడియోలో కుర్రాడికి కొలత టేపు పెట్టలేరు. జాబితాలో ఆరడుగుల రెండంగుళాలు అని రాసి ఉంటుంది, బూట్లు విప్పించి గోడకు నిలబెడితే ఆరడుగులే తేలుతుంది. అరచేయి వెడల్పు, నలభై గజాల పరుగు, తప్పు చేశాక తిడితే ముఖం ఎలా పెడతాడు, రెండోసారి చెప్పింది చెప్పినట్టు చేస్తాడా... ఇవన్నీ ఎదురుగా చూడాల్సినవి. పైగా నిబంధన ప్రకారం క్యాంపు అందరికీ తెరిచి ఉండాలి. పేరున్న పది మందిని పిలిచి మిగతావాళ్లను గేటు బయట నిలబెట్టడానికి లేదు. మిషిగన్ కోచ్ వస్తున్నాడంటే రెండు మూడొందల మంది పిల్లలు వస్తారు. అందులో మిషిగన్‌కు పనికొచ్చేది ఒకరిద్దరు. మిగతావాళ్లను చూడటానికి పక్కనే చిన్న కాలేజీల కోచ్‌లు క్లిప్‌బోర్డులు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లకు ఇన్ని రాష్ట్రాలు తిరిగే బడ్జెట్ ఉండదు, పిలిస్తే ఇంతమంది రారు కూడా. పెద్ద కోచ్ వెలుగులో చిన్న కోచ్ తన పని చక్కబెట్టుకుంటాడు. నా దృష్టిలో ఈ క్యాంపుల అసలు లబ్ధిదారు మిషిగన్ కాదు. ఎవరి జాబితాలోనూ లేని ఆ రెండొందల మంది.

2016 మార్చిలో హార్బా ఇంకో అడుగు ముందుకేసి, వసంత సెలవుల్లో జట్టు మొత్తాన్నీ ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి తీసుకెళ్లి అక్కడే ప్రాక్టీస్ చేయించాడు. పిల్లల సెలవులు లాక్కుంటున్నారని ఎస్‌ఈసీ కమిషనర్ గ్రెగ్ శాంకీ అభ్యంతరం చెప్పాడు. క్యాంపుల విషయంలో అప్పటికే, వేసవి కుటుంబానికి ఉండాలని మిసిసిపీ కోచ్ హ్యూ ఫ్రీజ్ అంటున్నాడు. పెద్ద ఇళ్లలో ఉంటూ ఏటా 50 లక్షల డాలర్లు తీసుకునేవాళ్లు కాస్త సమయం త్యాగం చేయలేమంటున్నారని హార్బా ఎత్తిపొడిచాడు. ఆయన జీతం అంకె కూడా అదేనన్న సంగతి ఆయనకు గుర్తుందో లేదో! రెండు వైపులా కోట్లు సంపాదిస్తున్నవాళ్లే, రెండు వైపులా పిల్లల క్షేమం పేరుతోనే మాట్లాడారు. ఆ పిల్లలకు మాత్రం అప్పట్లో పైసా జీతం లేదు.

2016 ఏప్రిల్ 8న ఎన్‌సీఏఏ కౌన్సిల్ శాటిలైట్ క్యాంపులను వెంటనే అమల్లోకి వచ్చేలా నిషేధించింది. 10-5 ఓట్లు. ఈ లెక్క దగ్గర కాస్త ఆగాలి. ఐదు పెద్ద కూటములకు ఒక్కోదానికి రెండు ఓట్ల విలువ, మిగతా ఐదింటికి ఒక్కో ఓటు. ఎస్‌ఈసీ, ఏసీసీ, బిగ్ 12, ప్యాక్-12 నిషేధం వైపు నిలిచాయి, చిన్న కూటముల్లో మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్ వాటితో కలిశాయి. పెద్ద వాటిలో మిషిగన్ ఉన్న బిగ్ టెన్ ఒక్కటే వద్దంది. చిన్న కూటముల్లో మూడు దానికి తోడున్నాయి. వాటికి క్యాంపుల అవసరం ఎంతో ఆ ఓట్లే చెబుతాయి. విచిత్రం ప్యాక్-12ది. ఆ కూటమిలో ఎక్కువ కాలేజీలు నిషేధానికి వ్యతిరేకం. వాటి తరఫున కౌన్సిల్‌లో కూర్చున్న యూసీఎల్‌ఏ అథ్లెటిక్ డైరెక్టర్ డాన్ గెరెరో అనుకూలంగా ఓటేశాడు! తనకు చెప్పినట్టు ఓటేయలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ రెండు ఓట్లు అటునుంచి ఇటు వచ్చి ఉంటే లెక్క 8-7 అయ్యేది. నిషేధం అప్పుడూ గట్టెక్కేదే, కానీ అంచు మీద. వేలమంది పిల్లల వేసవిని తేల్చే గదిలో ఓటు ఇంత అలవోకగా పడింది. వాషింగ్టన్ స్టేట్ కోచ్ మైక్ లీచ్, కొన్ని కాలేజీల స్వార్థం గెలిచిందని బాహాటంగానే అన్నాడు. తాను ప్యాక్-12 వాడై ఉండి.

ఇరవై రోజులు తిరిగేసరికి, ఏప్రిల్ 28న, ఎన్‌సీఏఏ పాలక మండలి నిషేధాన్ని ఎత్తేసింది. ఈలోపు హైస్కూల్ కుర్రాళ్లు సోషల్ మీడియాలో గోల పెట్టారు, అమెరికా న్యాయశాఖ ఆరా తీస్తోందని వార్తలూ వచ్చాయి. ఆ మండలికి అధ్యక్షుడు హ్యారిస్ పాస్టిడెస్. ఆయన సౌత్ కరోలినా యూనివర్సిటీ ప్రెసిడెంట్, అంటే ఎస్‌ఈసీ మనిషే. పిల్లలకు దారులు మూయడం సరికాదన్న మాట ఆయన నోట వినాల్సి రావడం దక్షిణాది కోచ్‌లకు చేదుగానే ఉండి ఉంటుంది.

ఆ వేసవి క్యాంపుల తిరునాళ్లే. మిషిగన్ కోచ్‌లు నలభైకి దగ్గరగా క్యాంపుల్లో కనబడ్డారు, అమెరికన్ సమోవా, ఆస్ట్రేలియా కూడా వదల్లేదు. ఫుట్‌బాల్ కుర్రాళ్ల కోసం ఆస్ట్రేలియా ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అక్కడికొచ్చేసరికి ఇది వెతుకులాట కాదు, పబ్లిసిటీ.

సేబన్ మాటల్ని కొట్టిపారేయలేం. 2016 మే 31న ఫ్లోరిడాలోని డెస్టిన్‌లో ఆయన కోపంతో ఊగిపోయాడు. ఈ క్యాంపులకు అడ్డూ అదుపూ లేదన్నాడు, ఎవరు పెడుతున్నారో, డబ్బు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోతోందో చూసే నాథుడు లేడన్నాడు. అలబామాయే నిబంధనలు మీరి ఇప్పుడు మాకు పాఠాలా అన్న అర్థం వచ్చేలా హార్బా వెంటనే ట్వీట్ చేశాడు. చప్పట్లు హార్బాకు పడ్డాయి. ఏడాది దాటాక, 2017 సెప్టెంబర్‌లో, బాస్కెట్‌బాల్‌లో ఎఫ్‌బీఐ అరెస్టులు జరిగాయి. బూట్ల కంపెనీ మనుషులు, ఏజెంట్లు, అసిస్టెంట్ కోచ్‌లు. వేసవి ఆటను మధ్యవర్తులకు వదిలేస్తే కుర్రాడి చుట్టూ ఎవరెవరు చేరతారో ఆ కేసు చూపించింది. సేబన్ భయపడిన జబ్బు నిజమే. ఆయన అడిగిన మందు మాత్రం తన కాలేజీకి లాభించేది.

చివరికి 2017 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ మధ్యేమార్గం పట్టింది. క్యాంపుల్లో కోచ్‌లు పాల్గొనే రోజులను 30 నుంచి 10కి కుదించింది, అవీ జూన్, జులైల్లోనే. క్యాంపును ఎన్‌సీఏఏ కాలేజీలే పెట్టాలి, కాలేజీ మైదానంలోనే జరగాలి. హైస్కూల్ మైదానాల కథ అక్కడితో సరి. కాగితం మీద చూస్తే బాగానే ఉంది, మధ్యవర్తి పోయాడు, లెక్కాపత్రం ఉంటుంది. మిషిగన్ కోచ్ ఇప్పటికీ జార్జియాలో ఒక చిన్న కాలేజీ క్యాంపుకు అతిథిగా వెళ్లొచ్చు. కాకపోతే తిరగడానికి పది రోజులే ఉన్నప్పుడు ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? సొంత క్యాంపస్ క్యాంపులకు కొన్ని పక్కన పెట్టుకుంటాడు, మిగిలినవి పెద్ద నగరాల దగ్గర ఖర్చు చేస్తాడు. ప్రాట్‌విల్ లాంటి ఊరికి వంతు రాదు.

కోచ్ రాకపోతే కుర్రాడు వెళ్లాలి. ఇన్నేళ్ల వాదనలో కోచ్‌ల సమయం గురించి, కూటముల హక్కుల గురించి, పెళ్లాం బిడ్డలతో గడపాల్సిన వేసవి గురించి విన్నాం. దక్షిణ జార్జియా నుంచి ఆన్ ఆర్బర్ దాకా పెట్రోలు, రెండు రాత్రులు మోటెల్, క్యాంపు ఫీజు, తండ్రో తల్లో పనికి పెట్టే సెలవు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఇప్పుడు జూన్ వస్తే కారులో సామాను వేసుకుని సోమవారం ఒక కాలేజీ, బుధవారం ఒక కాలేజీ, శుక్రవారం ఇంకోటి చొప్పున తిరిగే కుటుంబాలున్నాయి. అది చేయగలిగినవాళ్లు చేస్తారు. చేయలేని ఇంటి కుర్రాడి ఎత్తు టేపు మీద ఎవరూ చూడరు. 1,200 కిలోమీటర్లు అలాగే ఉన్నాయి, వాటి భారం మాత్రం 50 లక్షల జీతగాడి మీద నుంచి కుర్రాడి ఇంటి మీదికి మారింది.

దానికి తోడు కుర్రాళ్లకు పోటీ కూడా పెరిగింది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 నుంచి ఉంది. 2021లో ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాల్సిన పని లేకుండానే కాలేజీ మారొచ్చన్నారు. ఇరవై రెండేళ్ల ఆటగాడు, మూడేళ్ల అనుభవంతో సిద్ధంగా దొరుకుతుంటే పదిహేడేళ్లవాడిని ఏ ఊళ్లోనో వెతికే ఓపిక ఏ కోచ్‌కు ఉంటుంది?

హార్బా, సేబన్‌ల తగాదా కూడా ముగిసింది. 2024 జనవరి 1న రోజ్ బౌల్‌లో మిషిగన్ 27-20తో అలబామాను ఓడించింది. అదే సేబన్ ఆఖరి మ్యాచ్. వారం తర్వాత మిషిగన్ జాతీయ టైటిల్ గెలిచింది, మరో రెండు రోజులకు సేబన్ రిటైరయ్యాడు, ఆ నెలాఖరుకు హార్బా ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిపోయాడు. ఎదుటివాళ్ల నిబంధనల గురించి ట్వీట్లు చేసిన ఆయన మీద 2025లో ఎన్‌సీఏఏ పదేళ్ల ఆంక్షలు వేసింది. వాటి సంగతి వేరే కథ.

2017 సంస్కరణల్లో ఒక మంచి కూడా ఉంది, చెప్పకపోతే అన్యాయమవుతుంది. కాలేజీ ఖర్చుతో కుర్రాడిని క్యాంపస్‌కు రప్పించే అఫీషియల్ విజిట్ అంతకుముందు పన్నెండో తరగతిలోకి వచ్చాకే. దాన్ని పదకొండో తరగతి ఏప్రిల్‌కు జరిపారు. కాబట్టి ఆన్ ఆర్బర్ విమానం టికెట్ ఇప్పుడు కొన్ని నెలలు ముందే ఇంటికొస్తుంది, కాలేజీ అప్పటికే ఆ కుర్రాడి పేరు రాసుకుని ఉంటే.