పెద్దమాస్టారి ‘ఊఁ’ మీద సర్వహక్కులూ మావే

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలోని మా వీధివాళ్ళం ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టుకోవాలని తీర్మానించాం. ఆవిష్కరణ పేరు ‘వైద్య చిత్రమును పరిశీలించి హృద్రోగ ప్రమాదమును అంచనా వేయు పద్ధతి మరియు వ్యవస్థ’. ‘మరియు’ అన్న మాట మా వీధిలో ఎవరి నోటా రాదు. అది లేని కాగితాన్ని పేటెంటు ఆఫీసులో ఎవరూ పైకి తీయరేమోనన్న భయంతో పెట్టాం. రాసే బాధ్యత నాది. తహసీల్దారు కార్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు గుమస్తాగిరీ చేసి, తెలుగువాళ్ళ గోడును ఒడియా అర్జీలుగా మార్చిన చెయ్యి ఇది. హద్దురాయికీ కుళాయికీ రాసిన చెయ్యి గుండెకు రాయలేదా?

ఆవిష్కర్త మా పెద్దమాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరై చాలాకాలమైంది. ఆసుపత్రి నుంచి ఎవరు ఏ ఫిల్ము తెచ్చుకున్నా ముందు ఆయన వరండాలోకి వస్తుంది. ఆయన దాన్ని పెద్ద కవరులోంచి లాగుతారు. అప్పుడది తడి రేకులా గలగలమంటుంది. సగంమందికి ఆ చప్పుడుకే గుండె జారుతుంది. ట్యూబ్‌లైటు కిందికి వెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు మూలలా పట్టుకుని పైకెత్తుతారు. ఒక్కోసారి తలకిందులుగా ఎత్తుతారు. ఎవరైనా చెబితే తిప్పుతారు, చెప్పకపోతే అలాగే చూస్తారు. తరవాత ‘ఊఁ’ అంటారు.

ఆవిష్కరణ మొత్తం ఆ ఊఁలో ఉంది. పొట్టిగా అని ఫిల్మును కవరులో పెట్టేస్తే ఫరవాలేదు. కాస్త సాగితే వేపుళ్ళు మానుకోవాలి. బాగా సాగితే అటు బరంపురమో ఇటు విశాఖపట్నమో బస్సెక్కాలి. సాగి సాగి చివరికి ‘పిల్లలు ఎక్కడ ఉంటున్నారు?’ అన్న ప్రశ్నలోకి దిగితే మాత్రం, ఆ ఇంటి ఆడవాళ్ళను ఏదో ఒక వంకతో లోపలికి పంపేస్తాం.

నవ్వేవాళ్ళు కాసేపు ఆగాలి. గుండె రక్తనాళాల్లో సున్నం ఎంత పేరుకుందో సీటీ స్కాన్ చూసి చెప్పే లెక్క ఒకటుంది. ఆర్థర్ అగాట్‌స్టన్ అనే అమెరికా డాక్టరు తన సహచరులతో కలిసి 1990లో ప్రకటించాడు. దాన్నే కాల్షియం స్కోరు అంటారు. డాక్టర్లు దాన్ని మామూలుగా చదివేదీ నాలుగు మెట్లలోనే: సున్నా, 100 లోపు, 100 నుంచి 400 లోపు, 400 దాటితే ఇక పిల్లలు ఎక్కడ ఉంటున్నారు.

ఆ లెక్క లోపలి సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అది తెలిశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీళ్ళకు సున్నా, గాలికి మైనస్ 1000. ఈ కొలతకు హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. ఆయన గ్రామఫోను రికార్డులు అమ్మే ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. పాటల కంపెనీలో కూర్చుని సీటీ యంత్రం తయారుచేసి, 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి పుచ్చుకున్నాడు. రక్తనాళంలో 130 దాటిన మచ్చ కనిపిస్తే అది సున్నం. ఆ మచ్చలో అన్నిటికంటే పెద్ద అంకె 199 వరకు ఉంటే ఒకటితో, 299 వరకు ఉంటే రెండుతో, 399 వరకు ఉంటే మూడుతో, ఆపైన నాలుగుతో మచ్చ వైశాల్యాన్ని గుణించాలి. అయిదు చదరపు మిల్లీమీటర్ల మచ్చలో పెద్ద అంకె 250 అనుకోండి, అయిదు రెళ్ళు పది. అన్ని మచ్చలకూ అలాగే చేసి కూడాలి. మాస్టారు ఈ మాత్రం గుణకారం తప్పు చేసిన పిల్లలను బెంచీ ఎక్కించేవారు.

మాకు పేటెంటు ఊహ రావడానికి కారణం మా బావమరిది. ఊరు దాటితే వచ్చే పాతపట్నంలో ఉంటాడు, అంటే ఆంధ్రప్రదేశ్. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు డబ్బు కడితే విశాఖపట్నం వెళ్ళి గుండెకు సీటీ తీయించుకుని వచ్చాడు. రిపోర్టులో స్కోరు 112 అని ఉంది. మా చెల్లెలు, అంటే ఆయన భార్య, ఆ అంకె చూసి అక్కడే కూలబడింది. పాపం, అది అత్యవసరంగా ఫోను చేయవలసిన నంబరనుకుంది. డాక్టరుగారు రెండు నిమిషాలు మాట్లాడి ఒక బిళ్ళ రాశారట. ఆ రెండు నిమిషాల్లో ఒకటి ఫోనుకు పోయిందట. అందుకే ఫిల్ము నేరుగా సరిహద్దు దాటి మాస్టారి వరండాకు వచ్చింది.

‘ఆ 112 డాక్టరు వేసిన లెక్క కాదు మామయ్యా, సాఫ్ట్‌వేర్ వేసింది’ అన్నాడు కుర్రవాడు ఫోనులో. ‘బొమ్మ చూసి గుండె జబ్బు ప్రమాదం చెప్పే సాఫ్ట్‌వేర్ల మీద ఇప్పుడు అందరూ పేటెంట్లు తీసుకుంటున్నారు.’

‘లెక్క మీద పేటెంటు ఏమిటిరా?’ అన్నాను.

‘లెక్క మీద కాదు, వ్యవస్థ మీద.’

అదిగో, అక్కడ నా బుర్ర వెలిగింది. 1895లో ఎక్స్-రే కనిపెట్టిన రాంట్‌జెన్ దాని మీద పేటెంటు తీసుకోలేదు. అది లోకం సొత్తు అన్నాడు. ఆయన వెర్రిబాగులతనం వల్లనే కదా గ్రహణం రోజున పిల్లలం పాత ఎక్స్-రే ఫిల్ములు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశాం. (చూడకూడదని కళ్ళ డాక్టర్లు అప్పుడూ చెప్పారు, ఇప్పుడూ చెబుతున్నారు.) అలాంటి పొరపాటు మా వీధి చేయదలచుకోలేదు.

చట్టం చదివాను. 1970 నాటి పేటెంట్ల చట్టంలో మూడో సెక్షను ఒక పెద్ద ‘కాదు’. అందులో (ఐ) ప్రకారం మనుషుల రోగనిర్ధారణ పద్ధతికి పేటెంటు ఇవ్వరు. (కె) ప్రకారం గణిత పద్ధతికీ, అల్గారిథమ్‌కూ, కంప్యూటర్ ప్రోగ్రాముకు ‘పర్ సే’, అంటే దానికదిగా, ఇవ్వరు. (పి) ప్రకారం తాతలనాటి సంప్రదాయ జ్ఞానానికి ఇవ్వరు. మాస్టారి ఊఁ రోగనిర్ధారణ, గణితం, సంప్రదాయం మూడూ అయి కూర్చుంది. ఒక మనిషి ఒకే అక్షరంతో చట్టానికి మూడుచోట్ల అడ్డం పడటం అంత తేలిక కాదు.

కానీ గుమస్తాగా పనిచేసినవాడికి ఒకటి తెలుసు. చట్టంలో తలుపు ఎక్కడ మూశారో దాని పక్కనే కిటికీ ఉంటుంది. ఇక్కడ కిటికీ పేరు ‘పర్ సే’. ఆ రెండు ముక్కల అర్థం కోసం జరిగిన వాదనలకు లెక్కలేదు. 2004లో ఆర్డినెన్సు తెచ్చి ఆ తలుపు మరికాస్త తెరవబోయారు, 2005లో పార్లమెంటు ఆ మార్పును పక్కన పెట్టింది. 2019లో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రాము ఉన్నంతమాత్రాన తోసిపుచ్చకూడదు, ‘సాంకేతిక ప్రభావం’ ఉందేమో చూడాలి అంది. మాస్టారి ఊఁకు సాంకేతిక ప్రభావం ఉంది. అది విన్న ప్రతివాడికీ రక్తపోటు పెరుగుతుంది, మిషను పెట్టి కొలిచి చూపిస్తాం.

యూరప్‌వాళ్ళ తెలివి ఇంకో రకం. మనిషి శరీరం మీద చేసే రోగనిర్ధారణ పద్ధతికి వాళ్ళూ పేటెంటు ఇవ్వరు. కానీ బొమ్మ తీసేశాక కంప్యూటరు పనిచేసేది శరీరం మీద కాదు కదా, బొమ్మ మీద. గుండె పాతపట్నంలో మంచం మీద పడుకుని ఉంటుంది, దాని నీడ ఇంకెక్కడో లెక్కకు ఎక్కుతుంది. నీడకు రోగం రాదు కాబట్టి అభ్యంతరమూ రాదు. ఈ వాదన చేసిన వకీలుకు మా తహసీలులో పనిచేసిన అనుభవం ఉండి ఉంటుందని నా అనుమానం. పొలం ఒకరిది, పట్టా ఒకరిది అన్న పద్ధతి మాకు కొత్తది కాదు.

ఇక భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ, సవరల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చి, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన తిరిగిన ఊళ్ళో కూర్చుని నేను రాసిన మొదటి క్లెయిము, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం, ఇది: ‘కనీసం ఒక కాంతి ఉద్గార సాధనమును, సదరు సాధనమునకు అభిముఖముగా చిత్రమును నిలుపు ద్విహస్త ఆధారమును, సదరు ఆధారమునకు అనుసంధానింపబడిన స్మృతిని, మరియు ప్రమాద స్థాయికి అనుగుణముగా దీర్ఘమగు శ్రవ్య సంకేతమును వెలువరించు నిర్గమ విభాగమును కలిగియున్న వ్యవస్థ.’ ట్యూబ్‌లైటు, రెండు చేతులు, మాస్టారి జ్ఞాపకశక్తి, ఊఁ. చదివి వినిపిస్తే మాస్టారు, ‘ఎవరికి వచ్చింది ఈ జబ్బు?’ అని అడిగారు. పంతులుగారు నన్ను క్షమించాలి.

ఎక్కడ దాఖలు చేయాలన్నది ఇంకో తగువు. ఒడిశావాళ్ళం కాబట్టి మాకు కోల్‌కతా కార్యాలయం. పాతపట్నంవాళ్ళకు చెన్నై. ఊఁ పుట్టింది మా వైపు, ఊఁ తగిలిన గుండె ఆ వైపుది. కోటియా గ్రామాలు మావంటే మావని ఏళ్ళ తరబడి వాదించుకుంటున్న రెండు రాష్ట్రాలకు ఈ సంగతి తెలియకుండా జాగ్రత్తపడుతున్నాం. రుసుము మాత్రం దయగలది. వ్యక్తిగా ఆన్‌లైనులో పెట్టుకుంటే దరఖాస్తుకు 1600, పరీక్షకు 4000. వస్తే దాఖలు చేసిన రోజు నుంచి 20 ఏళ్ళు హక్కు. మాస్టారికి ఇప్పుడు 81. ఆయన గుండె కంటే పేటెంటు గట్టిగా ఉండే అవకాశమే ఎక్కువ.

హక్కు వచ్చాక అనుమతి లేకుండా ఊఁ అన్నవాళ్ళ మీద దావా వేస్తాం. టీ కొట్టువాడు ఫిల్ము చూసి పెదవి విరుస్తాడు, అతనితో లైసెన్సు ఒప్పందం చేసుకోవచ్చు. మా బావమరిది తన ఫిల్ము తను చూసుకుని నిట్టూర్చినా రుసుము కట్టాలి. ఆయనకు ఇందులో అన్యాయం కనిపించింది. ‘బొమ్మ నాది, లోపల సున్నం నాది, రాత్రంతా ప్రయాణం చేసిన నడుమూ నాదే కదా’ అన్నాడు. స్కాను తీసే ముందు కౌంటరులో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని గుర్తుచేశాను. అందులో ఏముందో చదివావా అంటే, చదివే అద్దాలు బస్సులో మరిచిపోయానన్నాడు. ఆ బొమ్మ ఎవరి యంత్రానికి పాఠం అవుతుందో ఇక ఆయన చేతిలో లేదు. రేపు ఆ యంత్రం ఇదే సరిహద్దులో ఇంకో గుండెను చదివి బిల్లు వేస్తే, అందులో మా వాడి సున్నానికి వాటా ఏమీ ఉండదు. నేను వ్యంగ్యం రాయడానికి కూర్చున్నాను, ఈ ముక్క దగ్గర మాత్రం చెయ్యి కాసేపు ఆగింది.

అయినా మా దరఖాస్తుకు అసలు గండం ఇంకొకటి. దరఖాస్తు పెట్టేవాడు తనకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని దాచకుండా రాయాలని పదో సెక్షను చెబుతోంది. అందుకని మాస్టారిని పక్కకు పిలిచి, ‘ఫిల్ములో అసలు మీరు చూసేది ఏమిటి?’ అని అడిగాను.

ఆయన చుట్టూ చూశారు. ‘ఫిల్ము చదవడం నాకేం వచ్చు నాయనా? దాన్ని ఎత్తిపట్టుకుంటే ఆ మనిషి నా మొహం చూస్తాడు. నేను అంచు మీదుగా వాడి మొహం చూస్తాను. వయసెంతో తెలుసు, బీడీ మానాడో లేదో తెలుసు, వాళ్ళ నాన్న ఏ వయసులో పోయాడో తెలుసు. ఊఁ దానంతటదే వస్తుంది.’

దరఖాస్తు నీరుగారిపోయినట్టే అనుకున్నాను. కుర్రవాడికి ఫోను చేస్తే వాడు వింతగా నవ్వాడు. గూగుల్‌వాళ్ళు 2018లో ఒక పరిశోధన ప్రకటించారట. 2,84,335 మంది కంటి లోపలి బొమ్మలతో కంప్యూటరుకు నేర్పితే, బొమ్మ చూసి మనిషి వయసును సగటున మూడేళ్ళ పైచిలుకు తేడాతో చెప్పిందట. ఆడో మగో చాలా కచ్చితంగా చెప్పిందట. పొగ తాగుతారా అన్నది ఒక మోస్తరుగా. అదే బొమ్మతో గుండెపోటు ప్రమాదాన్ని అంచనా కడితే, రక్తపరీక్ష చేసి వేసే పాత యూరోపియన్ లెక్కకు దాదాపు సమానంగా వచ్చిందట. అంటే ఆ యంత్రమూ అంచు మీదుగా మొహమే చూస్తోందన్నమాట. పొగ విషయంలో మా కిళ్ళీకొట్టు ఖాతా పుస్తకం దాన్ని ఓడిస్తుందని నేను పందెం కాస్తాను.

ధైర్యం వచ్చింది. గత ఆదివారం సాయంత్రం ప్రయోగ ప్రదర్శన పెట్టాం. వీధి అంతా వరండాలో. బావమరిది కుర్చీలో, ఒళ్ళో రిపోర్టు. ఊఁ నిడివి కొలవడానికి నా చేతిలో గడియారం. మాస్టారు ఫిల్ము బయటికి తీశారు, గలగలమంది. కళ్ళజోడు పైకి నెట్టారు, ఫిల్మును వెలుగుకు ఎత్తారు, ‘ఊఁ’ మొదలుపెట్టారు.

కరెంటు పోయింది.

సదరు కాంతి ఉద్గార సాధనము లేదు. చిత్రము కనిపించదు. గడియారమూ కనిపించదు. ఒక్క నిర్గమ విభాగము మాత్రం చీకట్లో ఆగకుండా అలాగే సాగుతోంది. ఎవరూ కదలలేదు. కాసేపటికి కుర్చీలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది:

‘మాస్టారూ, అయిపోయిందా, ఇంకా ఉందా?’