నాన్న ఏం చేస్తారంటే ‘బిజినెస్’ అనే ఎందుకంటున్నారు?

హన్మకొండలో పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టినప్పుడల్లా ప్యానెల్లో కూర్చుంటాను. మొన్న వచ్చిన అబ్బాయిది గీసుగొండ దిక్కు. డేటా అనలిస్టు ఉద్యోగానికి తయారవుతున్నాడు. ‘మీ గురించి చెప్పండి’ అనగానే పేరు, ఊరు, పదో తరగతి మార్కులు, బీటెక్ శాతం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. అవన్నీ నా ముందున్న కాగితంలో ఉన్నవే. ‘నాన్న ఏం చేస్తారు?’ అన్నాను. ‘బిజినెస్ సార్.’ ‘ఏం బిజినెస్?’ అంతే, తల వంచుకున్నాడు.

తండ్రి వరంగల్ ఎనుమాముల మార్కెట్లో హమాలీ. సెలవుల్లో తనూ మిర్చి బస్తాలు మోశాడట. ‘మరి జెండా పాట అంటే ఏందో చెప్పు’ అన్నాను. గొంతు మారిపోయింది. పొద్దున మేలైన సరుకుకు పాడే ధర అది, పేపర్లో పడేదీ అదే. దాన్ని నమ్మి బండి కట్టుకొచ్చిన రైతుకు మాత్రం రంగు తగ్గిందనో, తేమ ఉందనో, తాలు కలిసిందనో కోత పడుతుంది. తేజ రకం మిర్చి లెక్క వేరు, చపాట రకం లెక్క వేరు. ‘పేపర్ల రేటు ఎవరో ఒక్కరికే సార్, తక్కినోళ్లది వేరే’ అన్నాడు. గరిష్ఠ ధరనే సగటు ధర అనుకుంటే ఎంత మోసపోతామో ఇంతకన్నా బాగా చెప్పిన అనలిస్టును నేను చూడలేదు. అదంతా ‘బిజినెస్’ అనే ఒక్క మాట కింద దాచేశాడు.

తప్పు వాడిదే అనను. పరకాల బస్సులో పక్క సీటాయన ముందు ఏవూరని అడుగుతాడు, తర్వాత ఎవలింటి పిల్లగానివంటాడు, మూడోది కులం గురించి, ‘మీరేమోళ్లు?’ ఆ మూడో ప్రశ్న ఎప్పుడొస్తుందోనని మొదటి దానికే ముడుచుకుపోవడం మన పిల్లలకు చిన్నప్పుడే అలవాటవుతుంది. కోచింగుల్లో నేర్పే ‘నా బలహీనత పర్‌ఫెక్షన్’ లాంటి అరిగిపోయిన జవాబుల సంగతి సరేసరి.

ముఖం చూసి మార్కులేస్తారన్న అనుమానమూ ఊరికే పుట్టలేదు. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో ఇంటర్వ్యూలే తీసేశారు. సివిల్స్‌లో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంకా దానికే. అక్కడ సొంతూరు, తల్లిదండ్రుల పని, హాబీలు మనమే దరఖాస్తులో రాసిస్తాం. చాలా ప్రశ్నలు వాటినుంచే పుడతాయి. రాసిచ్చినదాన్నే దాచుకుంటే ఇక మాట్లాడేందుకు ఏం మిగులుతుంది?

అయితే అన్ని ప్రశ్నలూ ఒకటి కావు. ఓ ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో మా బంధువులమ్మాయిని ‘పెళ్లి కుదిరిందా? అయినంక మానేస్తవా?’ అని అడిగారు. ఈ జాడ్యం పాతదే. ఎల్‌ఐసీ ఒకప్పుడు మహిళా ఉద్యోగుల ఫారంలో నెలసరి తేదీ, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని కూడా రాయించుకునేది. ప్రొబేషన్‌లో ప్రసూతి సెలవు పెట్టిన ఒకామెను, ఫారంలో తప్పు రాసిందన్న కారణంతో తీసేసింది. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ కాలమ్‌లు ఎత్తేయమంది. అయినా నోటిమాటగా అడిగేవాళ్లకు ఫారంతో పనేముంది?

జవాబివ్వకు, లేచి వచ్చేయ్ అనడం నాకు తేలికే, ఉద్యోగం అవసరం నాది కాదు కదా. ఆ అమ్మాయి ‘షిఫ్టుల గురించా సార్? రెండు షిఫ్టులూ చేస్తా’ అని ఊరుకుందట. పెళ్లి ఊసెత్తలేదు. అడిగినవాడి భయానికి జవాబిచ్చింది, తన ఇంటి సంగతి తన దగ్గరే ఉంచుకుంది. హమాలీ పని దాచడానికీ దీనికీ పోలికే లేదు. ఇది తన హద్దు తను గీసుకోవడం, అది సిగ్గు.

గీసుగొండ అబ్బాయి వారం తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి ప్యానెల్లో నా పక్కాయన అడిగాడు, నాన్న ఏం చేస్తారని. ‘ఎనుమాములల హమాలీ సార్.’ ‘అట్లనా, ఇయ్యాల తేజ ఎంత పోయింది?’

‘జెండా పాటనా సార్, అసలు రేటా?’