గదిలో ఘటం లేదు

తత్వశాస్త్ర శాఖ వల్ల ప్రజలకు ఒరిగేదేమిటని బడ్జెట్ కాలం వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి అడుగుతూనే ఉంటారు. ప్రశ్న న్యాయమైనదే. రసాయనశాస్త్రం వారు మందు చూపిస్తారు, వాణిజ్యశాస్త్రం వారు లెక్క చూపిస్తారు; మేము చూపించగలిగేది ఏమిటి? హైదరాబాదులోని ఒకానొక విశ్వవిద్యాలయంలో పదిహేడేళ్లుగా కాంట్రాక్టు ప్రాతిపదికన ఈ శాస్త్రం బోధిస్తున్నవాడిగా నా వినమ్రమైన సమాధానం ఒక్కటే: మేము లేమిని చూపించగలం. తాను చెప్పే పాఠాన్ని తానే ఆచరించే శాఖ మా ప్రాంగణం మొత్తం మీద మాదొక్కటే. ప్రపంచంలో ఉన్నదాన్నంతా వర్గాలుగా విడదీసిన ప్రాచీన తాత్వికులు వైశేషికులు మొదట ఆ వర్గాలు, అంటే పదార్థాలు, ఆరేనన్నారు. తరువాతివారు బాగా ఆలోచించి 'అభావం', అంటే లేకపోవడం, అనే ఏడోదాన్ని చేర్చారు. మా స్టాకు రిజిస్టరులో మొదటి ఆరింటికీ సరైన లెక్క దొరకదు గాని, ఏడోదానికి మాత్రం ఏ ఏడూ కొరత రాలేదు. పోయిన విద్యా సంవత్సరపు వృత్తాంతం మనవి చేస్తాను, చిత్తగించండి.

మాకు సంవత్సరాది మృగశిర కార్తె. నాంపల్లిలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరే రోజుల్లోనే మా పైకప్పు కురవడం మొదలవుతుంది. ప్రవేశ పరీక్ష, ఫలితాలు, ధ్రువపత్రాల పరిశీలన, మొదటి విడత, రెండో విడత అంటూ కొత్త విద్యార్థులు దసరా దగ్గరపడితే గాని గదిలో అడుగుపెట్టరు కాబట్టి, అంతవరకు రెండో సంవత్సరం వారితోనే మా కాపురం. రిజిస్టరు ప్రకారం వారు తొమ్మిదిమంది. వారిలో ఏడుగురు ఉండేది కోచింగ్ సెంటర్ల పేట అశోక్‌నగర్‌లో. అంతమాత్రాన వారు తత్వశాస్త్రాన్ని విడిచిపెట్టారని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి నీతిశాస్త్రానికి 250 మార్కుల పేపరు పెట్టారు. తత్వశాస్త్రాన్ని ఆప్షనల్‌గా తీసుకుంటే మరో 500 మార్కులు, పైగా సిలబస్ చిన్నదని పేరు. అందువల్ల అరిస్టాటిల్ సద్గుణ సిద్ధాంతాన్ని మా దగ్గర కూర్చుని వినవలసిన కుర్రవాడు, అశోక్‌నగర్‌లో ఫీజు కట్టి, స్పైరల్ బైండింగ్ చేయించిన నోట్సులో దాన్నే చదువుకుంటున్నాడు. ఊరికే వచ్చే నీతికి విలువ ఉండదని జర్మన్ తత్వవేత్త కాంట్ ఎక్కడా చెప్పలేదు గాని, అక్కడి జిరాక్స్ షాపు యజమాని నాతో చెప్పాడు.

ఆషాఢంలో నేను చెప్పే పాఠం అనుపలబ్ధి, అంటే కనబడకపోవడాన్ని బట్టి లేదని తెలుసుకోవడం. నేల మీద కుండ లేదని మనకు ఎలా తెలుస్తుంది? కంటితో చూశామనడానికి వీల్లేదు, ఎందుకంటే లేనిదాన్ని కన్ను ఎలా చూస్తుంది? దీనికోసమే కుమారిల భట్టు అనుయాయులైన భాట్ట మీమాంసకులూ అద్వైతులూ ఆరో ప్రమాణాన్ని, అంటే తెలుసుకునే ఆరో మార్గాన్ని, ఒప్పుకున్నారు. అంత అవసరం లేదని తర్కశాస్త్రం వారైన నైయాయికులు వాదించారు. 'భూతలే ఘటో నాస్తి' (నేల మీద కుండ లేదు) అన్న ఒక్క వాక్యం మీద శతాబ్దాల తరబడి పండితులు జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. టైంటేబుల్ ప్రకారం ఆ పాఠం నాకు సోమవారం పడింది. సరిగ్గా ఆ సోమవారమే అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి పాతబస్తీ వీధుల్లో ఊరేగింది, బోనాల పండుగకు సర్కారు సెలవిచ్చింది. ఘటం వీధిలో ఉన్నందువల్లనే గదిలో ఘటాభావ పాఠం జరగకపోవడం తర్కశాస్త్ర చరిత్రలో అదే మొదటిసారి కావచ్చు. మంగళవారం వచ్చిన ఒకే ఒక్క విద్యార్థి గదినంతా కలియజూసి, నేల మీద ఏమీ లేదని ఒప్పుకోవడానికి నిరాకరించాడు. పైకప్పు కురిసే మూల మా అటెండరు పెట్టిన ప్లాస్టిక్ బకెట్ ఉంది. అందులో టప్ టప్‌మని చినుకు పడుతోంది.

"బకెట్ ఘటం కాదా సార్?" అన్నాడు.

కాదు నాయనా, ఒకటి ఇంకొకటి కాకపోవడం అన్యోన్యాభావం, ఆ పాఠం వచ్చే వారం అన్నాను. వచ్చే వారం అతడూ రాలేదు.

ఆగస్టు 31న మా శాఖలో మిగిలిన ఒకే ఒక్క పర్మనెంటు ప్రొఫెసరుగారు పదవీ విరమణ చేశారు. శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం, ఇరానీ సమోసాలు తెప్పించాం. మంజూరైన పోస్టులు ఆరు, ఖాళీలు ఆరు. ఇంతటి సంపూర్ణత విశ్వవిద్యాలయంలో మరే శాఖకూ దక్కలేదు. ఇక్కడే అసలైన శాస్త్రచర్చ మొదలవుతుంది. 17వ శతాబ్దపు తర్కపండితుడు అన్నంభట్టు మన తెలుగువాడేనని పండితుల మాట. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని లోకోక్తి కూడా ఉంది. ఆయన తర్కసంగ్రహంలో చెప్పినదాని ప్రకారం, వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు గాని అంతం ఉంది. వస్తువు నశించాక ఏర్పడే లేమి ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది గాని అంతం లేదు. కుమ్మరి చేయబోయే కుండ మొదటిది, పగిలిన కుండ రెండోది. మరి ప్రొఫెసరుగారి కుర్చీ ఏ కోవకు వస్తుంది? నోటిఫికేషన్ రాబోతోంది కాబట్టి ఇది ప్రాగభావమేనని పైఅధికారుల సిద్ధాంతం. ఆరు కుండలు పగలడం నేను కళ్లారా చూశాను కాబట్టి ఇది ప్రధ్వంసమేనని నా పక్షం. ఈ వాదం ఇంకా తెగలేదు, తెగేవరకు పాఠాలన్నీ మా ముగ్గురు కాంట్రాక్టు వాళ్ల మీద నడుస్తున్నాయి.

మేము దిగులుపడతామని ఎవరూ అనుకోనక్కరలేదు. సాక్షాత్తు ఇమ్మాన్యుయేల్ కాంట్ 1755 నుంచి 1770 దాకా జీతం లేని అధ్యాపకుడిగా, విద్యార్థులిచ్చే ఫీజుతో కాలక్షేపం చేశాడు. అంటే పదిహేనేళ్లు. ఆ లెక్కన నేను కాంట్‌ను రెండేళ్ల కిందటే దాటేశాను. ఈ విషయం ఇంట్లో చెబితే, ఆయనకు పెళ్లి కాలేదు, పిల్లల స్కూలు ఫీజు లేదు, మీకు ఆ సౌకర్యం లేదు కదా అని మా ఆవిడ వెంటనే నా వాదంలోని హేత్వాభాసం, అంటే తర్కదోషం, పట్టుకుంది.

శాఖకు అధ్యక్షులు లేకుండా ఉండకూడదు కాబట్టి భూగోళశాస్త్రం ప్రొఫెసరుగారిని ఇన్‌ఛార్జిగా వేశారు. సంతోషించాం. భూతలం సంగతి ఆయనకు తెలుసు, ఘటం సంగతి మాకు తెలుసు; ఇద్దరం కలిస్తే వాక్యం పూర్తవుతుంది.

మా శాఖలో ఇతరులకు పనికొచ్చే వస్తువు ఒకే ఒకటుంది, అది సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి నిలువెత్తు ఫొటో. ఆయన తత్వశాస్త్రాచార్యులు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లరు, ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులు, 1962లో రాష్ట్రపతి. ఆ ఏడాది నుంచే ఆయన పుట్టినరోజు ఉపాధ్యాయ దినోత్సవమైంది. సెప్టెంబరు 4 మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి ఆ ఫొటోను ఆడిటోరియానికి మోసుకుపోతారు. మరుసటి రోజు దానికి దండ వేసి, దీపం వెలిగించి, ఉత్తమ ఉపాధ్యాయులను సన్మానిస్తారు. ఇన్నేళ్లలో ఆ వరుసలో తత్వశాస్త్రం మనిషి ఒక్కడూ లేడు, ఫొటోలో ఉన్నాయన తప్ప. అది తిరిగి వచ్చేది బతుకమ్మ పండుగకే, ఎండిన బంతిపూల దండతో సహా. ఆ నెలంతా గోడ మీద నలుచదరంగా ఒక తెల్లటి మరక కనిపిస్తుంది. చుట్టూ సున్నం పసుపెక్కింది, ఫొటో ఉన్నచోట మాత్రం ఎక్కలేదు. అనుపలబ్ధికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ శాస్త్రగ్రంథంలోనూ దొరకలేదు. ఈ మధ్య నేను కుండను మానేసి దీన్నే చూపిస్తున్నాను.

నవంబరు మూడో గురువారం ప్రపంచ తత్వశాస్త్ర దినోత్సవమని యునెస్కో 2005లో ప్రకటించింది. గురువారం కావడం వల్ల మా నగరంలో ఒక చిక్కుంది: ఆ రోజు పూలన్నీ సాయిబాబా గుళ్లకు పోతాయి, ముఖ్య అతిథికి బొకే దొరకడం కష్టం. పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఆటోలో బయలుదేరాను. నువ్వేం చేస్తావని ఆటో ఆయన అడిగాడు. ఉర్దూలో తత్వశాస్త్రాన్ని ఫల్సఫా అంటారు, అదే చెబుతానన్నాను. ఆ మాటకు ఈ ఊళ్లో ఇంకా కాస్త గౌరవముంది. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు, పాఠ్యపుస్తకాల కోసం అంతకు ఏడాది ముందే పెట్టిన అనువాద సంస్థ దారుల్ తర్జుమాలో తత్వశాస్త్ర గ్రంథాలు కూడా ఉర్దూలోకి దిగాయి మరి. ఆయన అద్దంలోంచి నావైపు భక్తిగా చూసి, "బహుత్ అచ్ఛా సాబ్. మీటర్ ఖరాబ్ హై" అన్నాడు.

జనవరిలో జాతీయ సెమినారు పెట్టాం, విషయం బౌద్ధాచార్యుడు నాగార్జునుడి శూన్యవాదం. నాగార్జునాచార్యుడి పేరుతో ఉన్న కొండ మనకు 150 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నా, మా విద్యార్థులకు ఆ పేరు వినగానే ముందు హీరో, తరువాత డ్యామ్ గుర్తొస్తాయి. ఆచార్యుడు మూడో స్థానంలో ఉన్నాడు, అదీ డ్యామ్ దయవల్ల. సెమినారు ఘనంగానే జరిగింది. భోజనాల దాకా హాలు నిండుగా ఉంది. భోజనాలయ్యాక సర్టిఫికెట్లు ఇస్తామన్న మా వ్యూహాన్ని మొదటి రోజే ఎవరో ఛేదించి, సర్టిఫికెట్లు ముందే సంపాదించి, ప్రతినిధులందరినీ నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయారు. శూన్యత గురించి సాయంత్రం సమర్పించిన పత్రాలను శూన్యమే స్వయంగా విన్నది.

ఇంతవరకు జరిగినదంతా నిజం. అయితే అది నిజమని రుజువు చేయవలసిన నెల ఒకటి వచ్చింది, అదే మార్చి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తేల్చే న్యాక్ 1994లో పుట్టిన సంస్థ. మదింపుకు ఏడు ప్రమాణాంశాలు పెట్టింది. వచ్చే బృందంలోని పెద్దలు మంచివారే, వారి మీద నాకు ఫిర్యాదు లేదు. తిప్పలు పడింది మా తెలివితక్కువతనం వల్లే. చార్వాకుడికి ప్రమాణం ఒక్కటే, ప్రత్యక్షం. బౌద్ధులకు రెండు, సాంఖ్యులకు మూడు, నైయాయికులకు నాలుగు, ప్రాభాకరులకు ఐదు, అద్వైతులకు ఆరు. ఇన్ని శతాబ్దాలు ఒక్కొక్కటే పోగుచేసుకుంటూ వచ్చిన సంపదను పక్కనపెట్టి, ప్రాంగణం మళ్లీ ఏకప్రమాణవాదానికి వచ్చింది: అక్షాంశ రేఖాంశాలు ముద్రపడిన ఫొటో. ఫొటో ఉంటే జరిగింది, లేకపోతే జరగలేదు. సెమినారు ఫొటోలు మా దగ్గర ఉన్నాయి గాని, తీసిన కుర్రవాడి ఫోనులో లొకేషన్ ఆపి ఉందట. అంటే శూన్యవాద సెమినారు జరిగింది గాని, ఎక్కడా జరగలేదు. నాగార్జునుడు విని ఉంటే మెచ్చుకునేవాడు.

మా ఇన్‌ఛార్జి అధ్యక్షులు మాత్రం ఉప్పొంగిపోయారు. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం అంటూ తొలిసారిగా తమ శాస్త్రం మా శాస్త్రాన్ని ఆదుకుంటోందని ప్రకటించి, సెమినారును మళ్లీ జరిపించి ఫొటోలు తీయిద్దామన్నారు. సరేనన్నాం. మార్చి మధ్యాహ్నం, ఫ్యాను ఒక రెక్క ఊగుతుండగా, జనవరి చలి కనిపించాలని ముగ్గురు అధ్యాపకులు, అటెండరు, లైబ్రరీ నుంచి బతిమాలి తెచ్చిన నలుగురు గ్రూప్-2 అభ్యర్థులు స్వెటర్లు వేసుకుని, ఉత్త మైకు ముందు చెమటలు కారుస్తూ కూర్చున్నాం. ఫొటో అద్భుతంగా వచ్చింది. దాని కింద అక్షాంశం ఉంది, రేఖాంశం ఉంది, వాటి పక్కనే పెద్ద అక్షరాలతో మార్చి నెల తేదీ కూడా ఉంది. స్థలాన్ని పట్టుకోబోయి కాలాన్ని వదిలేశాం. ఈ రెండూ విడదీయరానివని నేను తరగతిలో చెబుతూనే ఉన్నాను, ఎవరు వింటారు?

మే నెలలో వార్షిక నివేదిక ఫారం నింపి పరిపాలనా భవనానికి పట్టుకెళ్లాను. పేటెంట్లు, కన్సల్టెన్సీ ఆదాయం, పరిశ్రమలతో ఒప్పందాలు, క్యాంపస్ నియామకాలు అనే గడులన్నీ ఖాళీగా వదిలేశాను, లేనిదాని గురించి రాయడానికి ఏముంటుందని. సెక్షన్ క్లర్కు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫారాన్ని నావైపు తిప్పాడు.

"గిట్ల నడవది సార్. ఖాళీగ ఇడిసిపెడితే మీరు చెప్పలేదని అర్థం. నిల్ అని రాస్తే, లేదని మీరు చెప్పిండ్రని అర్థం. గీ రెండూ ఒకటి కాదు."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తెలియకపోవడానికీ, లేదని తెలియడానికీ మధ్య ఉన్న ఆ సన్నని గీత కోసమే కదా కుమారిల భట్టు అంత శ్రమపడింది. ఏం చదువుకున్నావన్నా అని అడిగితే బీకాం అన్నాడు. నిల్, నిల్, నిల్ అని వరుసగా రాసుకుంటూ పోయి, ఆ ఊపులోనే పర్మనెంటు అధ్యాపకుల గడిలో కూడా రాయబోతే చప్పున నా చేయి పట్టుకున్నాడు.

"దాంట్ల నిల్ రాయకుండ్రి సార్. పోస్టులు ప్రాసెస్‌ల ఉన్నయని రాయాలె."

ప్రాసెస్ ఎప్పటి నుంచి నడుస్తోందని రాయమంటావని అడిగాను. ఆయన ఫారం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి ఓపిగ్గా వెతికి, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఎప్పుడు మొదలైందని అడిగే కాలమే లేదు సార్ గీ ఫారంల."