డిపార్ట్‌మెంట్: మిరప

విశ్వవిద్యాలయాల లైబ్రరీలు ఊరి జనానికి కూడా తలుపులు తెరవాలని ఈమధ్య కొందరు పెద్దలు అంటున్నారు. ఈ మాటను ఇప్పుడే ఖండించకపోతే రేపు జనం నిజంగానే చదివేస్తారు.

మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు 1931లో లైబ్రరీలకు ఐదు సూత్రాలు రాసి, మొదట్లోనే 'పుస్తకాలు ఉపయోగించడానికే' అనేశారు. పెద్దాయన, కాదనలేం. కానీ ఏటా స్టాక్ వెరిఫికేషన్ ఆయన వచ్చి చేస్తారా? పుస్తకం బీరువాలోంచి కదలకపోతేనే లెక్క కుదురుతుంది.

మా గుంటూరు వైపు ఈ జబ్బు పాతదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఏకంగా పుస్తకాల్ని పడవెక్కించి కాలవలో తిప్పారు. ఎక్కినవాడి రోల్ నంబరు అడిగినట్టు ఎక్కడా చదవలేదు. ఎంత బాధ్యతారాహిత్యం!

ఆ అలవాటే మా మిరప రైతు బాబాయికి అంటుకుంది. 2021లో నల్ల తామర పురుగు తోటను ఊడ్చేసింది మొదలు, పురుగుమందుల కొట్టువాడు చెప్పిందల్లా కొట్టి విసిగిపోయాడు. "అసలా పురుగు సంగతేంటో చదువుదాం రారా" అని నన్ను ఓ విశ్వవిద్యాలయం లైబ్రరీకి లాక్కెళ్లాడు. పేరెందుకులెండి.

గేటు దగ్గర ఐడీ కార్డు అడిగారు. బాబాయి ఆధార్ తీశాడు. అది దేశానికే చెల్లుతుందట. బతిమాలితే రిజిస్టరు ముందుకు తోశారు. రోల్ నంబరు గడిలో బాబాయి పట్టాదారు పాస్‌బుక్ నంబరు వేశాడు. డిపార్ట్‌మెంట్ గడి దగ్గర కాసేపు ఆగి, గుండ్రటి అక్షరాలతో 'మిరప' అని రాశాడు.

"ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నానయ్యా" అన్నాడు లోపలికెళ్లాక. అది జిల్లా గ్రంథాలయానికి వెళ్తుందనీ, ఇది ప్రభుత్వం గ్రాంటుతో నడుస్తుందనీ ఓపిగ్గా చెప్పారు. ఆ గ్రాంటు ఎవరి డబ్బన్నది సిలబస్‌లో లేని ప్రశ్న.

పావుగంట టైమిచ్చారు. పుస్తకం దొరికింది. వెనక అంటించిన చీటీ మీద ఆఖరి ముద్ర 1998. ఫోన్‌తో ఫొటో తియ్యకూడదన్నారు కాబట్టి బాబాయి మిర్చి యార్డు బిల్లు వెనక రాసుకోబోయాడు. తీరా చూస్తే అందులో ఈ పురుగే లేదు. ఉండదు మరి, పుస్తకం ముందొచ్చింది, పురుగు తర్వాతొచ్చింది. కొత్త పరిశోధనలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి, పాస్‌వర్డ్ విద్యార్థులకే. విదేశీ పత్రికల ఒప్పందాలు చాలావాటిలో, లైబ్రరీకొచ్చి కూర్చుంటే బయటివాళ్లు కూడా చదువుకోవచ్చనే ఉంటుంది. అందుకే కుర్చీ ఇవ్వకపోవడం చట్టరీత్యా క్షేమం.

పురుగును మాత్రం ఏ గేటు దగ్గరా ఎవరూ కార్డు అడగలేదన్నాడు బాబాయి, దార్లో టీ తాగుతూ. చదువులేని మాట, వదిలేద్దాం.

నెల తిరక్కుండా ఆ లైబ్రరీ నుంచే ఫోనొచ్చింది. విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందట. సమాజ సేవ ఫైల్లో పెట్టడానికి గ్రామీణులు పుస్తకాలు చదువుతున్న ఫొటోలు కావాలట. ఓ పదిమందిని తీసుకురమ్మన్నారు. పంచె, తలగుడ్డ తప్పనిసరి, ఐడీ కార్డు అక్కర్లేదు, టిఫిన్ వాళ్లదే.

బాబాయి అంతా విని, ఫోన్ మూతికి చెయ్యి అడ్డం పెట్టి నన్నడిగాడు: "డిపార్ట్‌మెంట్ గడిలో ఈసారి ఏం రాయాల్రా?"