కంటికొలత వీరులకు ఒక దండం

ఇప్పుడే చేతులు కడుక్కుని కూర్చున్నాను. మూడుసార్లు సబ్బు పెట్టినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. కోపం అసలే పోలేదు.

నాలుగు నెలలుగా ఆ పాత బండి ఇంజను ముందేసుకుని కూర్చున్న సంగతి మీకు తెలుసు. ఫొటోలు చూసి చూసి మీలో సగం మందికి విసుగెత్తి ఉంటుందని నాకూ తెలుసు. ఈ సాయంత్రం క్లచ్ వైపు మూత తీసి, అడుగున ఉండే ఆయిల్ జాలీ బయటికి లాగాను. జాలీ కనిపిస్తేగా! దాని నిండా ఎర్రటి సిలికాన్ జిగురు, ఎండిన వానపాముల్లా చుట్టుకుపోయి ఉంది. ఒక్కొక్క ముక్కే పట్టకారుతో పీకి పాత గుడ్డ మీద వరసగా పేర్చాను. 17 తేలాయి. అవును, లెక్కపెట్టాను. నేను లెక్కపెట్టే రకం. ఆ జిగురు పూసిన మహానుభావుడు కాదు. అసలు గొడవ అక్కడే.

ఆయన ఎవరో నాకు తెలియదు. నాకంటే ముందెప్పుడో ఈ ఇంజను విప్పాడు. మూత సందులోంచి నూనె కారకుండా పెట్టే పలచటి కాగితం గాస్కెట్ చిరిగిపోయి ఉంటుంది. కొత్తది తెప్పించే ఓపిక లేక, ట్యూబు పిండి, పళ్ళ పేస్టులా మూత చుట్టూ దట్టంగా పూసి బిగించేశాడు. బయటికి ఉబికినదాన్ని వేలితో తుడిచేసి ఉంటాడు, చూడటానికి శుభ్రంగా ఉండాలి కదా! మరి లోపలికి ఉబికిన దాని సంగతి? అది ఊడి వచ్చి జాలీకి అడ్డం పడుతుందని, పంపుకు నూనె అందకపోతే ముందుగా ఎండిపోయేది ఎక్కడో పైన హెడ్‌లో ఉండి వాల్వులను తెరిపించే క్యామ్ అని ఆయనకు ఎవరు చెప్పాలి? పిస్టను తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు క్యామ్, వాల్వును నొక్కే ఒక్కో రాకరును సెకనుకు 50 సార్లు ఎత్తి దించుతుంది. అంత రాపిడిని చుక్క నూనె లేకుండా ఊహించుకోండి. నా క్యామ్ ముక్కు మీద గోరు పెడితే గోరు ఇరుక్కుంటోంది. రాకరు ముఖం గుంట పడింది. ఆయన మిగుల్చుకున్నది మాత్రం ఒక కాగితం ముక్క.

ఇక మూత స్క్రూలు. ప్రతి తల మీదా ఉలి గాట్లే. నాది జపాన్ ఇంజను. ఆ ప్లస్ గుర్తు స్క్రూలు చూడటానికి ఫిలిప్స్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ కావు, అవి జె.ఐ.ఎస్. అనే జపాన్ ప్రమాణం కొలతవి. మామూలు ఫిలిప్స్ కొన అందులో సరిగా కూర్చోదు. బలం పెట్టగానే పైకి జారి తలను తినేస్తుంది. తల అరిగాక మన వాళ్ళు చేసేది ఒకటే: ఉలి, సుత్తి, రెండు తిట్లు. తిట్లు స్క్రూకి. స్క్రూ ఏం చేసింది పాపం?

ఇలాంటి వాళ్ళకు తోడు వీడియోల వాళ్ళు. ఇంజను విప్పి, కడిగి, మళ్ళీ కట్టి, స్టార్టు చేసి చూపించేస్తారు, అంతా 12 నిమిషాల్లో. వెనకాల సంగీతం. ఒక్క బోల్టు విరగదు. ఒక్క సర్క్లిప్ ఎగిరిపోదు. వాళ్ళ పాత గాస్కెట్లు అసలు అంటుకునే ఉండవు, పువ్వులా ఊడి వస్తాయి. నేను సిలిండరు అడుగు అంచు మీద పాత గాస్కెట్ గీకడానికే రెండు సాయంత్రాలు కూర్చున్నాను. అల్యూమినియం మీద ఒక్క గీత పడినా అక్కడి నుంచి నూనె చెమ్మ మొదలవుతుంది మరి.

బోరింగ్ చేసిన, అంటే అరిగిన సిలిండరు లోపలి గోడను కాస్త వెడల్పు చేసిన పెద్దమనిషిని కూడా వదలను. మొదటి ఓవర్‌సైజు, అంటే మామూలు కంటే 0.25 మిల్లీమీటరు పెద్ద పిస్టను. ముందు పిస్టను చేతికి రావాలి, దాన్ని మైక్రోమీటరుతో కొలవాలి, ఆ కొలతకు ఖాళీ కలిపి బోరు కొట్టాలి. పిస్టను వచ్చేదాకా ఆగమని చెప్పి మరీ సిలిండరు ఇచ్చాను. మర్నాడే ఫోను: "అయిపోయింది సార్, పిస్టను ఎప్పుడొచ్చినా పట్టేస్తుంది." పెళ్ళికొడుకును చూడకుండానే చొక్కా కుట్టేశాడన్నమాట!

కొలవడం అంత కష్టమైన పనా? పిస్టను చుట్టూ ఉండే రింగును సిలిండరులోకి దించి, పిస్టనును తలకిందులు చేసి దానితో నిదానంగా కిందికి నెడితే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. ఆ రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ రేకు, అంటే మందం అంకె రాసి ఉండే పలచటి రేకు, పెట్టాలి. సరైన రేకు కాస్త పట్టుకుని, మెత్తగా జారుతుంది. ఆ చిన్న పట్టు వేళ్ళకు తెలుస్తుంది. పుస్తకంలో ఉన్నది 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్లు. ఈ బండిలో ఉన్న పాత రింగు సందు 0.90. మూడు రేకులు కలిపి పెడితే గానీ నిండలేదు. ఆ సందు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాను. ఎన్నేళ్ళ నీలం పొగ అందులోంచి పోయిందో!

సరే, ఆ 17 ముక్కల ఫొటో తీసి మా కుటుంబ గ్రూపులో పెట్టాను. అది నా తప్పే. రెండు నిమిషాల్లో బావగారి జవాబు: "ఇన్ని కొలతలెందుకోయ్? అందాజుగా బిగిస్తే చాలు. మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" పక్కన నవ్వు బొమ్మలు మూడు.

ఎవరన్నారీ మాట! బావగారు! నా టార్క్ రెంచి తీసుకెళ్ళిన బావగారు!

ఈ సంగతి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, అక్క చదువుతుందని. ఇప్పుడు రాస్తున్నాను. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి, పెట్టిన అంకెకు చేరగానే టక్కుమనే రెంచి అది. చిన్నది, 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల వరకే కొలుస్తుంది. ఇంజను మూతల ఆరు మిల్లీమీటర్ల బోల్టులకు కావలసింది 10 దరిదాపుల్లోనే. రెండు రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్ళి ఆయన దానితో విప్పింది కారు చక్రం నట్లు. విప్పాడు! బిగించడానికి పుట్టిన పనిముట్టుతో, 100 దాకా బిగించే నట్లను! పైపు తొడిగి మరీ లాగానని ఆయనే గొప్పగా చెప్పాడు. ఆ తరువాత అయిదు నెలలు డిక్కీలో పడేశాడు. వాడిన వెంటనే పిడి తిప్పి, స్ప్రింగు సడలించి, అడుగు అంకె దగ్గర పెట్టి దాచాలి. నా చేతికి వచ్చేసరికి పిడి 25 మీద బిర్రబిగిసి ఉంది.

అయినా నమ్మాను చూడండి, అదీ నా తెలివి. పిడి 10కి తిప్పి హెడ్ మూత బోల్టు బిగిస్తున్నాను. టక్కుమనే చప్పుడు కోసం చెవి అక్కడే పెట్టుకుని ఉన్నాను. చప్పుడు రాలేదు. ఇంకొంచెం. రాలేదు. ఇంకొంచెం. ఉన్నట్టుండి చేతికింద అంతా మెత్తబడిపోయింది. బిగింపు తప్పినప్పుడు వచ్చే ఆ మెత్తదనం ఒకసారి ఎరిగినవాళ్ళు మరిచిపోరు. బోల్టు బయటికి తీస్తే దాని చుట్టూ అల్యూమినియం మర సన్నటి మెరుపు తీగలా చుట్టుకుని వచ్చింది. హెడ్‌కు రంధ్రం వెడల్పు చేయించి, హెలికాయిల్ అనే కొత్త మర చుట్ట దించేసరికి మూడు వారాలు పట్టింది.

దానికి ఆయనన్న మాట, "చూశావా, చేత్తో బిగించి ఉంటే పోయేదే కాదు."

జిగురు పూసినవాడి మీద నాకిప్పుడు అంత కోపం లేదు. అతను కనీసం నా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని సలహాలు చెప్పలేదు.

ఇది రాస్తుండగానే ఫోను మోగింది. మళ్ళీ బావగారే, ఈసారి గ్రూపులో కాదు, విడిగా: "ఏమోయ్, సందులు కొలిచే ఆ రేకుల కట్ట ఒకసారి పంపు. ప్లగ్గు గ్యాపు చూసుకోవాలి, రెండు రోజుల్లో ఇచ్చేస్తాను."

"అందాజుగా చూసుకోండి" అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను. పంపించాలా వద్దా అని చూస్తుంటే అక్క ఆన్‌లైన్‌లోకి వచ్చింది.