‘అయిదుగురు చాలు’ అని ఫార్వర్డ్ చేసేవాళ్లకు

యాప్‌లు, వెబ్‌సైట్లు వృథా లేకుండా తయారవ్వాలంటూ ‘సస్టైనబుల్ డిజైన్‌కు అయిదు సూత్రాలు’ అనే మెసేజ్ డిజైన్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. పంపుతున్నవాళ్లలో నేను గౌరవించే సీనియర్లూ ఉన్నారు, అందుకే ఒళ్లు మండుతోంది. అందులో ఉన్నది ఇదీ: డార్క్ మోడ్ పెడితే కరెంటు ఆదా. లోపాలు వెతికే ఆటోమేటిక్ టూల్‌లో పాసైతే యాక్సెసిబిలిటీ (వికలాంగులు కూడా వాడగలిగేలా చేయడం) పని అయిపోయినట్టే. టెస్టింగ్‌కు అయిదుగురు చాలు, వికలాంగులను అన్నీ కుదిరాక చివర్లో పిలవొచ్చు. పాత ఫోన్లను వదిలేస్తే కోడ్ తేలికవుతుంది. డిజైనర్లు కళ్లకు గంతలు కట్టుకుని చేసే కసరత్తులు దండగ.

డార్క్ మోడ్ లాభం, ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ తెరలకే. ఎల్‌సీడీలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్ఈడీలో కూడా, 30–50 శాతం బ్రైట్‌నెస్‌లో సగటు ఆదా 3 నుంచి 9 శాతమేనని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2021లో తేల్చారు. దీన్నొక సూత్రం అనక్కర్లేదు.

బొమ్మకు వివరణ ఉందో లేదో టూల్ చెబుతుంది. ఆ వివరణ ఎవరికైనా పనికొస్తుందో లేదో చెప్పలేదు.

అసలు హాని మూడో పాయింట్‌లో ఉంది. ‘అయిదుగురు’ అనే మాట యూజబిలిటీ (వాడకంలో సులువు) నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంలోది. దాన్ని చివరిదాకా ఒక్కరైనా చదివారా? వాడేవాళ్లలో బాగా వేర్వేరు రకాలుంటే ఒక్కో రకం నుంచి ముగ్గురినో నలుగురినో పిలవమని అందులోనే ఉంది. అయిదుగురితో ఒక్కసారి చేసి ఆపమనలేదు, దిద్దుకుంటూ మళ్లీ మళ్లీ చేయమన్నాడు. వచ్చిన అయిదుగురికీ మంచి చూపు, కొత్త ఫోను ఉంటే బయటపడేవి వాళ్ల ఇబ్బందులే.

ఇక ఆ ‘చివర్లో’. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏది ముందు చదవాలి, కీబోర్డ్‌తో వాడేటప్పుడు ఫోకస్ (ఎంపికైన చోటు) ఎటు పోవాలి, వేలితో లాగితే తప్ప కదలని స్లైడర్ ఎందుకు, ఫారం నింపడానికి గడువెంత... ఇవి రంగు మార్చినంత సులువుగా మారేవి కావు. ఫ్లో (ఒక పని మొదటి నుంచి చివరిదాకా సాగే దారి) మొత్తం వీటిమీదే నిలబడుతుంది. అంతా అయ్యాక తెలిస్తే స్క్రీన్లు, కోడ్, టెస్టులు అన్నీ మళ్లీ చేసుకోవాలి. ఇది వృథాను తగ్గించే సూత్రమా? ప్రోటోటైప్ (తొలి నమూనా) ఉత్త బొమ్మలైతే స్క్రీన్ రీడర్‌కు చదవడానికి ఏమీ దొరకదు. అందుకే ముఖ్యమైన ఫ్లో ఒక్కదాన్ని, సోకులేమీ లేకుండా, మామూలు హెచ్‌టీఎంఎల్‌లో కట్టండి. టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు వాడేవాళ్లను తమ సొంత ఫోన్లో, కంప్యూటర్లో, తమ సెట్టింగ్‌లతోనే వాడి చూడమనండి. మిగతా టెస్టర్లకు ఇచ్చినంత డబ్బు వాళ్లకూ ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చెప్పుకోదగ్గ వైకల్యం ఉన్నవాళ్లు 130 కోట్ల మంది, అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు. అంతమందిని ‘చివర్లో’ అని రాయడానికి చెయ్యెలా వచ్చింది?

పాత ఫోన్ల మాట ఇంకా అన్యాయం. ఫోను జీవితకాలపు కార్బన్‌లో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది. మీ యాప్ ఒక్కటి నడవట్లేదని బాగున్న ఫోన్‌ను మూల పడేయిస్తే, మీరు కోడ్‌లో మిగిల్చిన కిలోబైట్లు ఏ మూలకు? పాత ఫోన్‌తో, నెమ్మదైన నెట్‌తో టెస్టింగ్‌కు వచ్చినవాళ్ల దగ్గరే బరువైన ఫాంట్లు, దానంతటదే మొదలయ్యే వీడియో ముందుగా దొరికిపోతాయి. వాటిని తీసేస్తే అందరి డేటా, బ్యాటరీ మిగులుతాయి.

అయిదో పాయింట్‌ను మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. కాసేపు గంతలు కట్టుకున్న డిజైనర్‌కు తెలిసేది తన తడబాటే. స్క్రీన్ రీడర్‌ను మనకు మాట అందనంత వేగంలో పెట్టుకుని ఏళ్లుగా పని చేసుకునేవాళ్ల నేర్పు అందులో కనిపించదు. ఇంతదాకా ఆలోచించినవాళ్లు, ఆ నేర్పున్నవాళ్లనే మొదటి ప్రోటోటైప్‌కు పిలవమని మూడో పాయింట్‌లో రాసి ఉండాల్సింది.