పడమటికి పారే పెన్నా

నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, మన ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే పెన్నా నది ఈమధ్య మనసు మార్చుకుంది. నెల్లూరు దగ్గరకొచ్చి పడమటికి తిరిగింది. మా బంధువుల గృహప్రవేశంలో, హాలు గోడ మీద, ఫ్రేము కట్టిన సాక్ష్యాన్ని కళ్లారా చూసొచ్చాను.

నదిని తిప్పినవాడు నా చిన్ననాటి స్నేహితుడు, ప్రకృతి చిత్రకారుడు. తిప్పించినవాడు వాస్తు సిద్ధాంతి. మొదట వేసిన బొమ్మలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోవూరు వైపు, అంటే ఉత్తరపు ఒడ్డున నిలబడి చూస్తే అవతల రంగనాయకుల గుడి గాలిగోపురం, నీళ్లు కుడి నుంచి ఎడమకు. ఖర్మ కొద్దీ గోడకు ఎడమవైపే వీధి వాకిలి.

"ఏంది సామీ, నీళ్లన్నీ బయటికి పోతుండాయే! ఇంట్లో డబ్బు నిలబడొద్దా?" అన్నాడు ఇంటాయన.

నదిని తిప్పాడు. గుడి మాత్రం జరగలేదు, దేవుడితో పెట్టుకోకూడదని. పడవ ఖాళీగా ఉందని వడ్ల బస్తాలు ఎక్కించారు. ఇసుక తిన్నెలు దరిద్రమని నీళ్లు నింపారు. కుడివైపు గుంకుతున్న పొద్దు అరిష్టమట, తెల్లవారుజాము చేయమన్నారు. గృహప్రవేశానికి టైం లేక, సూర్యుణ్ణి అక్కడే ఉంచి రంగు మార్చాడు. కాబట్టి ఆ ఇంట్లో పొద్దు కూడా పడమరే పొడుస్తుంది.

ఇక వీడి కళాప్రస్థానం. మైపాడులో పలక మీద మొదలైంది. ఐదో తరగతిలో సీనరీ గీయమంటే, రోజూ చూసేదే గీశాడు, సముద్రంలోంచి లేచే సూర్యుణ్ణి. "కొండలేవిరా?" అని అయ్యవారు చెవి మెలేశారు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు, మూడంకెను పడుకోబెట్టినట్టు పక్షులు. బడిలో చెల్లుబాటయ్యే ప్రకృతి అదొక్కటే. తర్వాత డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు, 42 రోజుల టీటీసీ అనే టీచరు శిక్షణ. ఉద్యోగం రాలేదు. సైన్‌బోర్డులు రాశాడు, ఫ్లెక్సీలొచ్చి అదీ పోయింది. ఇప్పుడు సన్మానాలు జరుగుతున్నాయి. శాలువా కప్పి, పేరుమోసిన చిత్రకారుడు దామెర్ల రామారావుతో పోలుస్తారు. 1925లో, ముప్పై నిండకుండానే పోయిన మనిషితో పోలిక, అదీ దీవెన అనుకుంటూ!

భోజనాల దగ్గర లెక్క తేల్చారు. సిద్ధాంతి గారి తాంబూలంలో ఎంత పెట్టారో అడిగినవాడు లేడు. వీడిని మాత్రం, "రంగులకెంత అయిందో చెప్పు, పైన ఏదో ఒకటి ఇస్తాంలే" అన్నారు. ఏదో ఒకటేమిటయ్యా? ఇల్లు కట్టిన మేస్త్రీకి సిమెంటు బస్తాల ఖరీదు చేతిలో పెట్టి పొమ్మన్నావా? ముప్పై ఏళ్లు ఎండలో కూర్చుని, నీటి మీద వెలుగు ఎట్లా విరుగుతుందో నేర్చుకున్న కన్ను వాడిది. దాన్ని అడ్డం తిప్పించి, మళ్లీ ట్యూబుల బిల్లు అడుగుతావా? సిగ్గుండాలి!

పైకి అనలేదు లెండి. బంధుత్వం, పైగా విస్తట్లో పాయసం.

వాడు చేయి కడుక్కుంటుంటే ఇంటాయన ఎదుటి గోడ చూపించాడు. "ఈడ మన మైపాడు సముద్రం వెయ్యి సామీ. అలలు లోపలికి రావాల. ఉప్పునీళ్లు ఇంట్లో ఉండకూడదంట, మంచినీళ్ల సముద్రం వెయ్యి."

ఆయన ఉప్పునీళ్లలో రొయ్యలు పెంచే ఆ ఇల్లు కట్టాడు.